ఆర్డిస్ గొంతు విప్పిన రోజు

ఆర్డిస్ పుట్టగానే పెట్టిన ఏడుపుకి పక్క పొలంలో మేస్తున్న గుర్రాలు కంచె దాకా నడిచొచ్చి చెవులు నిక్కించి నిలబడ్డాయని వాళ్ళ తాత చెప్పేవాడు. ఆయన పెద్ద కోతలరాయుడే. కానీ ఇన్నేళ్ళుగా ఆర్డిస్ పక్కింట్లో కాపురముంటున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను, ఈ ఒక్క విషయంలో మాత్రం ఆయన కోసింది తక్కువే.

మాది అయోవాలో క్లియర్ ఫోర్క్ అనే చిన్న ఊరు. ఎటు చూసినా మొక్కజొన్నే. ఆర్డిస్ చిన్నప్పుడు వాళ్ళకి ఊరికి ఉత్తరాన పొలం ఉండేది. తాత పందుల్ని పెంచేవాడు. సాయంత్రం వాకిట్లో నిలబడి, రెండు చేతులూ నోటికి దొప్పలా అడ్డం పెట్టుకుని ఒక్క కేక వేశాడంటే, వాగొడ్డున బురదలో పొర్లుతున్న పందులన్నీ చెవులు ఎగరేసుకుంటూ పరిగెత్తుకొచ్చేవి. మనవరాలికి ఆరేళ్ళు రాగానే ఆ పని ఆమెకి అప్పజెప్పాడు.

"నా గొంతు వాగు దాకా పోతుంది. నీ గొంతు వాగు దాటి చర్చి దాకా పోతోంది. ఇంక నేనెందుకే అరవడం? హాయిగా కూర్చుని పైపు కాల్చుకుంటా" అన్నాడట.

నాలుగేళ్ళు ఆ పిల్లే పందుల్ని పిలిచింది. ఆ తర్వాత తాతకి మోకాళ్ళు పనిచెయ్యక పొలం అమ్మేశారు, అందరూ ఊళ్ళోకి వచ్చేశారు. ఊళ్ళో ఇళ్ళు పక్కపక్కనే కదా. ఆర్డిస్ మామూలుగా "అమ్మా, పాలు అయిపోయాయి" అంటే మూడో ఇంటావిడ పాల గిన్నె పట్టుకుని వచ్చేది. బళ్ళో టీచరు ఆమెని చిట్టచివరి బెంచీకి పంపింది. చర్చిలో పాటలు నేర్పే ఆవిడ గడ్డం పట్టుకుని, "నువ్వు పెదాలు కదిపితే చాలు తల్లీ, దేవుడికి వినిపిస్తుంది" అంది. ఒకసారి అంత్యక్రియలకి వెళ్ళి నా పక్కన కూర్చుని, తన దృష్టిలో గుసగుసే, "పెట్టె మరీ పొట్టిగా లేదూ?" అని అడిగింది. చర్చిలో ఉన్నవాళ్ళందరూ మెడలు చాచి పెట్టెని కొలిచారు.

డెల్మర్ నొవోట్నీ ఆమెని చేసుకున్నది ఆ గొంతు చూసే. ట్రాక్టర్ల మోతలో పనిచేసి చేసి అతనికి కుర్రతనంలోనే చెవులు మందగించాయి. డాన్సు హాల్లో బాజాలు హోరెత్తుతుంటే అతనికి ముక్కముక్కా వినిపించిన ఆడపిల్ల మాట ఈమె ఒక్కదానిదేనట. ఆ ముక్క అతనే అందరికీ చెప్పుకు తిరిగేవాడు. ఆర్డిస్ ఆసుపత్రి బట్టలుతికే గదిలో పనికి చేరింది. అక్కడ పెద్ద పెద్ద మిషన్లు రోజంతా గర్జిస్తుంటాయి కాబట్టి ఆమెని తప్పుపట్టినవాళ్ళు లేరు. రిటైరయ్యాక ఇల్లు నిశ్శబ్దమైంది. అదే ఏడాది డెల్మర్ చెవి మిషను పెట్టించుకున్నాడు. పెట్టించుకున్న పూటే, "ఆర్డిస్, నేను ఇంట్లోనే ఉన్నానే, మెల్లగా" అన్నాడు. ఆ సంగతి మా ఇంటికొచ్చి నవ్వుతూనే చెప్పింది గానీ, పోసిన కాఫీ తాగకుండా వెళ్ళిపోయింది.

అప్పట్నుంచి ఎంత తగ్గించి మాట్లాడేదంటే, ఏం చెబుతోందో వినాలంటే మనమే ముందుకి వంగాలి.

తగ్గించమన్న వాళ్ళందరిలోకీ మొదటి పీట ఆడపడుచు లవాన్‌ది. డెల్మర్‌కి చెల్లెలు. రెండు వీధుల అవతల ఉంటుంది. సన్నగా, ముత్యాల పోగులు పెట్టుకుని, చర్చిలో ముందు వరసలో కూర్చుంటుంది. వదిన నోరు తెరిస్తే చాలు, ఈవిడ చూపుడు వేలు పెదాల మీదకి వెళ్ళిపోతుంది. ఆ వేలికి కాయ కాసి ఉంటుందని నేను ఆర్డిస్‌తో అంటుండేదాన్ని.

ఇక అసలు సంగతికొస్తా. మా ఊరి అవతల, పెద్ద హైవే పక్కన, పాతకాలపు పొలాల మ్యూజియం ఉంది. అద్దాల బీరువాల్లో వస్తువులు పెట్టి చీటీలు అంటించే మ్యూజియం కాదది. వెనకటి రోజుల్లో ఇక్కడ ఎలా సాగు చేశారో అలాగే ఇప్పటికీ చేసి చూపిస్తారు. ఒక పొలంలో ఎడ్లతో దున్నుతారు. తర్వాతి కాలం నాటి పొలంలో గుర్రాలతో దున్నుతారు. ఒక పాత వీధి, అందులో కమ్మరి కొలిమి, కిరాణా కొట్టు. నేను అక్కడ వారానికి మూడు రోజులు పొడుగు గౌను తొడుక్కుని, గుర్రాల పొలం ఇంట్లో కట్టెల పొయ్యి మీద రొట్టెలు కాలుస్తూ, పందొమ్మిది వందల సంవత్సరం నాటి ఇల్లాలిగా ఉంటాను. జీతం లేదు, రొట్టెలుంటాయి.

ఎన్నేళ్ళు బతిమాలినా ఆర్డిస్ రాలేదు. "పేడ చూడ్డానికి టిక్కెట్టెందుకే విల్మా? నేను పేడలోనే పుట్టాను" అనేది. ఆ అక్టోబరులో నేను ఒక మాట అనేసరికి ఆర్డిస్ చేతిలో గరిటె ఆగిపోయింది.

"మీ తాత పెంచాడే, ఆ ఎర్ర పందులు, చెవులు వాలిపోయుంటాయి చూడు. అవే తెచ్చారు మా దొడ్లోకి."

"ఎర్రవా? నిజంగా?"

"ముదురు ఇటుక రంగు."

"ఎప్పుడెళ్దాం?" అంది. చాలా ఏళ్ళ తర్వాత మొదటిసారి ఆ మాట నాకు ముందుకి వంగకుండానే వినిపించింది.

శనివారం మొక్కజొన్న కోతల పండగ. లవాన్ కూడా బయల్దేరింది. అక్కడ పాత బొంతల ప్రదర్శన పెట్టారని, అది చూడాలని. కారు ఆవిడే నడిపింది. దారంతా ఆర్డిస్ సీటు అంచున కూర్చుని, చిన్నపిల్లలా మోకాళ్ళ మీద తాళం వేస్తూనే ఉంది.

నేను పొద్దున్నే వెళ్ళి పొయ్యి రాజేసుకున్నాను. కిటికీలోంచి చూస్తుంటే వచ్చారు. ఆర్డిస్ గేటు దాటి ఆగి, కళ్ళు మూసుకుని గాలి పీల్చింది. ఎండిన ఆకుల వాసన, గుర్రాల చెమట, కట్టెల పొగ. చేలో ఇద్దరు మగవాళ్ళు చేత్తో కంకులు విరిచి బండిలోకి విసురుతున్నారు. బండికి అవతలి పక్క ఎత్తుగా నిలబెట్టిన చెక్కకి తగిలి కంకి లోపల పడుతోంది. టప్, టప్, టప్.

"లవాన్! ఆ చప్పుడు! విన్నావా? మా నాన్న చేలో ఉంటే ఇంట్లో పడుకుని ఆ చప్పుడు వింటూ నిద్రపోయేదాన్నే!"

"వదినా, ష్. అందరూ చూస్తున్నారు."

"చూడనీవే, చూడ్డానికేగా వచ్చారు!"

అంది గానీ, ఆ వేలు చూసి గొంతు తగ్గించేసింది. కాళ్ళు మాత్రం తగ్గలేదు. గుర్రాల దగ్గరకి పరుగు, కొలిమి దగ్గరకి పరుగు. బావి దగ్గర చేతిపంపు కొట్టి, నీళ్ళు దోసిట్లో పట్టి తాగి, గడ్డం తుడుచుకుంది. నా వంటింట్లోకి వచ్చి పొయ్యి మీద చెయ్యి ఆనించబోయి, "అబ్బా, కాలింది! నిజం పొయ్యే!" అని నవ్వింది. లవాన్ వెనకాల చేతిసంచి గుండెలకి అదుముకుని, బురద తప్పించుకుంటూ, ఒక్కో అడుగు ఎంచి ఎంచి వేస్తోంది.

పందుల దొడ్డి దాకా నేనూ వాళ్ళ వెంట వెళ్ళాను. అక్కడ ఆర్డిస్ పూర్తిగా ఆగిపోయింది. ఎర్రటి పందులు, చెవులు కళ్ళ మీదకి వాలిపోయి, మూతులతో బురద దున్నుతున్నాయి. అన్నిటికన్నా పెద్ద ఆడపందికి దొరసాని అని పేరు. అది తలెత్తి ఈవిడ వంక ఎగాదిగా చూసి మళ్ళీ పనిలో పడింది.

"అచ్చం మా తాత పందే. ఆ పొగరు కూడా అదే" అంది ఆర్డిస్.

వాటిని చూసుకునేది ఎమ్మెట్. పొడుగు మనిషి, నెరిసిన గడ్డం. ఆ రోజు నోరు తెరిస్తే గాలి తప్ప మాట రావడం లేదు. జలుబు చేసి గొంతు బొంగురుపోయింది.

"రోజూ పిలిచే మేత వేస్తాం. వారం నుంచీ నా గొంతు పడిపోయింది. బకెట్టు కొట్టి తిప్పలు పడుతున్నా" అన్నాడు.

"ఏమని పిలుస్తావు?"

అతను గుసగుసగా చేసి చూపించాడు. "హూ... ఈ, హూ... ఈ, పిగ్ పిగ్ పిగ్. చివర రాగం తోకలా పైకి లేవాలి."

"మా తాత 'చునీ, చునీ' అనేవాడు. ఆయన వదిలొచ్చిన దేశపు మాట."

"అయితే పిలుస్తావా? మధ్యాహ్నం వీధిలో పందుల పిలుపు పోటీ ఉంది. పేరివ్వు."

ఆర్డిస్ మొహం వెలిగింది. అంతలోనే లవాన్ దగ్గింది. పెద్ద దగ్గేం కాదు. చిన్నదే. ఆర్డిస్ మొహంలో దీపం మళ్ళీ తగ్గిపోయింది.

"అమ్మో, నాకెందుకయ్యా. నేను చూసిపోదామని వచ్చాను."

మధ్యాహ్నం పోటీ మొదలైంది. నా రొట్టెలు పొయ్యిలోంచి తీసి, గౌను అంచు ఎత్తి పట్టుకుని నేనూ వెళ్ళాను. కిరాణా కొట్టు వసారాలో మైకు పెట్టారు. విత్తనాలమ్మే రోజర్ అరిచాడు. అరిచాడో ఏడ్చాడో తెలీలేదు. ఒక బడిపంతులు టై సర్దుకుని, పాఠం చెబుతున్నట్టు, "పందుల్లారా, రండి" అన్నాడు. జనం పొట్ట పట్టుకున్నారు. బొద్దుగా ఉన్న ఒక పెద్దావిడ మాత్రం చక్కగా పిలిచింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆర్డిస్ నా పక్కన నిలబడింది. ఒక్కొక్కరు అరిచినప్పుడల్లా ఆమె మెడలో నరాలు కదులుతున్నాయి. పెదాలు కదులుతున్నాయి, మాట బయటికి రావడం లేదు. చూడలేక నేను మోచేత్తో పొడిచాను.

"వెళ్ళవే!"

"ఊరుకో విల్మా."

చివర్లో పోటీలో ఉన్నవాళ్ళందరూ ఒక్కసారి అరవాలని నిర్వాహకుడు ఉత్సాహపడ్డాడు. ఆరేడుగురు మైకు చుట్టూ మూగి నోళ్ళు తెరిచారు. స్పీకరు తట్టుకోలేకపోయింది. చెవుల్లో సూది దిగినట్టు కీచుమంది. అందరం చెవులు మూసుకున్నాం. ఆ కీచు సాగి, సాగి, పటుక్కుమని వైరు కాలిన వాసన వచ్చి ఆగింది. దాని వెనకే దొడ్డి వైపు నుంచి ఫెళఫెళమని చెక్క విరిగిన చప్పుడు.

"పందులు!" అన్నాడు ఎమ్మెట్, గొంతు లేని గొంతుతో.

దొరసాని ముందు, మిగతావి వెనక. విరిగిన కంచెలోంచి ఎర్రటి వరదలా బయటపడ్డాయి. అడ్డం నిలబడ్డ రోజర్ మొదట పంది మీద, తర్వాత బురదలో కూర్చున్నాడు. రెండు నిమిషాల్లో పందులన్నీ ఇంకా కొయ్యని మొక్కజొన్న చేలోకి దూరిపోయాయి. మనిషిని మించిన ఎత్తు చేను. ఆకులు కదలడం తప్ప ఏమీ కనబడదు. ఆ ఆకులు కదులుతున్నది దక్షిణంగా, హైవే వైపు. చేను దాటితే చిన్న గట్టు, పాత తీగ కంచె, ఆ వెంటనే లారీలు. వాటి హోరు మాకు ఇక్కడికే వినిపిస్తోంది.

జనమంతా చేలోకి పరిగెత్తారు. మగవాళ్ళు చేతులూపుతూ, పిల్లలు కేరింతలు కొడుతూ, బడిపంతులు టై భుజం మీదకి ఎగిరిపోతూ. తరిమేకొద్దీ పందులు ముందుకే పోతున్నాయి. ఎమ్మెట్ బకెట్టు కొడుతున్నాడు గానీ ఆ గోలలో ఎవరికి వినబడుతుంది? అతని కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

"తరమద్దు! తరిమితే రోడ్డు మీదకే పోతాయి!" అంది ఆర్డిస్. తగ్గించిన గొంతుతో అంది. నాకు తప్ప ఎవరికీ వినబడలేదు.

ఇంకోసారి అంది. ఎవరూ తిరగలేదు.

అప్పుడు చూశాను ఆవిణ్ణి. మొహం ఎర్రబడింది. చేతిసంచి నా చేతిలో కుక్కి, గుర్రాలు విప్పేసిన కంకుల బండి చక్రం మీద కాలు వేసి, డెబ్భై దగ్గరపడ్డ మనిషి, బండెక్కింది. కంకుల గుట్ట మీద నిలబడింది. కాళ్ళ కింద కంకులు దొర్లుతుంటే తమాయించుకుని, ఒక్క ఊపిరి తీసుకుంది.

"ఎక్కడివాళ్ళక్కడ ఆగండి!"

నేను ఆవిడ పక్కింటిదాన్ని, ఆవిడ నవ్వులూ తుమ్ములూ అన్నీ విన్నదాన్ని, నేనే అదిరిపడ్డాను. బండి కింద పడుకున్న కుక్క లేచి పారిపోయింది. చేలో ఉన్న జనం తాడు పట్టి లాగినట్టు ఆగిపోయారు. ఎక్కడో బొంతల గదిలోంచి కూడా మనుషులు బయటికొచ్చారు.

ఆ నిశ్శబ్దంలో ఆర్డిస్ చేతులు నోటికి దొప్పలా పెట్టుకుంది.

"చునీ...! చునీ, చునీ, చునీ...!"

ఆ పిలుపు చేను మీదుగా పోయి, అవతలి గట్టుకి తగిలి, మళ్ళీ మా దగ్గరకొచ్చింది. నా చేతుల మీద రోమాలు లేచాయి. కానీ చేలో ఆకులు మాత్రం అలాగే దక్షిణంగా కదులుతున్నాయి.

ఎమ్మెట్ బండి దగ్గరకి పరిగెత్తుకొచ్చాడు. "మా పందులకి మీ తాత భాష రాదమ్మా! మాది పిలు, మాది!"

"అయ్యో, అవును కదూ!" అని, గొంతు సవరించుకుంది. "బకెట్టు కొడుతూ ఉండు, ఆపకు!"

"హూ...ఈ! హూ...ఈ! పిగ్ పిగ్ పిగ్!"

తోక పైకి లేపింది, ఎమ్మెట్ చెప్పినట్టే. ఇంకోసారి. ఇంకోసారి. నేను లవాన్ చెయ్యి పట్టుకున్నాను, ఎందుకో నాకే తెలీదు. లవాన్ కూడా గట్టిగా పట్టుకుంది.

చేలో ఆకులు ఆగాయి.

ఊపిరి బిగబట్టాం. ఆకులు మళ్ళీ కదిలాయి, ఈసారి ఇటు. మెల్లగా ఒక చోట, తర్వాత రెండు చోట్ల, తర్వాత చేనంతా గాలి తిరిగినట్టు ఇటే వాలింది. ముందు ఒక ఎర్ర మూతి బయటికొచ్చింది. దాని వెనక రెండు. ఆ వెనక గుంపు. చెవులు ఎగరేసుకుంటూ, మధ్యలో నిలబడ్డ మనుషుల కాళ్ళ సందుల్లోంచి దూసుకుంటూ, కంకుల బండి చుట్టూ చేరాయి. ఆర్డిస్ వంగి కంకులు కిందకి విసురుతోంది, మధ్యమధ్య పిలుస్తోంది, ఏడుస్తోంది, నవ్వుతోంది. అన్నీ ఒక్కసారే.

"రండర్రా, రండి! ఏం తొందరర్రా మీకు? హైవే మీద మీ అత్తగారిల్లుందా?"

జనం చప్పట్లు కొట్టారు, టోపీలు ఎగరేశారు. రోజర్ బురదలోంచి లేవకుండానే చప్పట్లు కొట్టాడు. కుర్రాళ్ళు చెక్కలు పట్టుకుని పందుల చుట్టూ దడి కట్టి, మెల్లగా దొడ్లోకి తోలారు. అప్పుడు ఎమ్మెట్ పందుల వంక చూసి తల పట్టుకున్నాడు.

"దొరసాని ఏదీ?"

లేదు. ఆర్డిస్ మళ్ళీ పిలిచింది. చేను కదల్లేదు. నలుగురు గట్టు దాకా వెళ్ళి చూసొచ్చారు, అటు దాటిన జాడ లేదన్నారు. ఇంకోసారి పిలుద్దామని ఆర్డిస్ ఊపిరి తీసుకుంటుంటే, వంటిల్లున్న వైపు నుంచి ఒక కేక వచ్చింది.

"వదినో...! ఓ వదినో...! ఇది ఇక్కడుందీ...!"

అందరం అటు తిరిగాం. లవాన్ ఎప్పుడు జారుకుందో నేను గమనించనే లేదు. గుండె దడగా ఉందని నీళ్ళు తాగడానికి వెళ్ళిందట. పరిగెత్తాం. మా వంటింటి వెనక బల్లల మీద, సాయంత్రం పెట్టడానికని చర్చి ఆడవాళ్ళు ప్లమ్ పళ్ళ జాము పెట్టిన కొలాచీ రొట్టెలు పరిచి ఉంచారు. దొరసాని రెండు ముందుకాళ్ళూ బల్ల మీద పెట్టుకుని, మూతికి జాము పూసుకుని, వరసలో తింటోంది. లవాన్ బొంతల ప్రదర్శనలోంచి ఊడబెరికి తెచ్చిన బొంత ఒకటి రెండు చేతుల్తో చాచి పట్టుకుని దారికి అడ్డంగా నిలబడింది. ఒక కాలికి చెప్పు లేదు. ముత్యాల పోగు ఒకటి ఊడి జుట్టులో వేలాడుతోంది.

"చూస్తూ నిలబడతారేంటి! రండి! నా గొంతు పోతోంది ఇక్కడ!"

ఆ మాటకి ఆర్డిస్ నవ్వు ఆపుకోలేక బావి గట్టు మీద కూలబడింది. ఎమ్మెట్ ఒక కొలాచీ చూపించి, ముద్దుగా బుజ్జగిస్తూ, దొరసానిని దొడ్డి దాకా నడిపించాడు. అది మహారాణిలా నడిచింది, ఏం తొందరపడలేదు.

దుమ్ము సద్దుమణిగాక నా వంటింట్లో కాఫీ పెట్టాను. ఇద్దరూ పొయ్యి దగ్గర కూర్చున్నారు. లవాన్ పాదానికి గోనె చుట్టాను. తర్వాత లవాన్ కాఫీ గిన్నెలోకి చూస్తూ అంది.

"వదినా, అంత గొంతు పెట్టుకుని ఇన్నాళ్ళూ మాతో ఎలా వేగావే?"

"మీరు మెల్లగా అన్నారు కదా" అంది ఆర్డిస్, బొంగురుగా.

"అన్నాం. అనేవాళ్ళం." లవాన్ ఊడిన పోగు సరిచేసుకుంది. "అరిస్తే ఇక్కడ, ఈ గుండెలో, బరువు దిగినట్టుంటుంది కదే! నాకెవరూ చెప్పలేదు. చిన్నప్పుడు మా అమ్మ నన్నూ ఇలాగే అనేది. ఆడపిల్లవి, గట్టిగా మాట్లాడకని."

ఆర్డిస్ ఆవిడ వంక చూసి, "అయితే ఇప్పుడు వాకిట్లోకి పద, ఇద్దరం ఒకటి వేద్దాం" అంది.

"ఛీ, ఊరుకో."

కానీ వెళ్ళారు. నేను రొట్టెలు మూట కడుతుంటే వాకిట్లోంచి రెండు కేకలు వినిపించాయి, ఒకటి పిడుగులా, ఒకటి పిట్టలా. దొడ్లో పందులన్నీ గురగురమంటూ లేచి నిలబడ్డాయి. ఎమ్మెట్ పరిగెత్తుకొచ్చాడు.

"అమ్మల్లారా, మీకు దణ్ణం పెడతాను! కంచె ఇంకా కట్టలేదు!"

ఆ సాయంత్రం బహుమతి బొద్దావిడకే ఇచ్చారు. ఆర్డిస్ పోటీలో పేరివ్వలేదు కదా. ఆ బొద్దావిడ తనకి బహుమతిగా ఇచ్చిన నీలం రిబ్బను తెచ్చి ఆర్డిస్‌కి ఇవ్వబోతే, "నీ పిలుపు బాగుందమ్మా, నీదే ఉంచుకో" అని భుజం తట్టింది. ఇంటికి వెళ్ళాక డెల్మర్‌కి జరిగిందంతా చెప్పింది. ఎలా చెప్పిందో నాకు తెలుసు, ఎందుకంటే మా వంటింట్లో కూర్చుని మొత్తం విన్నాను. డెల్మర్ "మెల్లగా" అనలేదు. "మళ్ళీ మొదట్నుంచి చెప్పు, రోజర్ పడ్డ చోటు నుంచి" అన్నాడు. రెండోసారి కూడా విన్నాను.

తర్వాతి వారమే మ్యూజియం వాళ్ళు ఫోన్ చేశారు. శనివారాల్లో సాయంత్రం మేత వేళకి వచ్చి పిలుస్తారా, పొడుగు గౌను మేమే ఇస్తాం అన్నారు. ఆర్డిస్ ఫోన్‌లో "వస్తాను" అంటే అవతలివాళ్ళు, "వినిపించిందమ్మా, వినిపించింది" అన్నారట. గౌను ఒక జానెడు పొట్టైతే లవాన్ అంచుకి గుడ్డ అతికి పొడుగు చేసింది. ఇప్పుడు శనివారం మధ్యాహ్నం నుంచే జనం దొడ్డి చుట్టూ చేరతారు. ఆర్డిస్ ముందు పిల్లలందరి చేతా అరిపిస్తుంది. "గొంతుతో కాదర్రా, పొట్టలోంచి రావాలి! మళ్ళీ!" అంటుంది. తల్లిదండ్రులు చెవులు మూసుకుంటారు, పిల్లలు ఇంటికెళ్ళే దారంతా సాధన చేస్తారట. ఆ సంగతి చెప్పి నన్ను తిట్టిన తల్లులున్నారు, నేనేదో నేర్పించినట్టు.

పందుల గొడవలో పడి ఆ మొదటి రోజు ఆర్డిస్ మ్యూజియం సగం కూడా చూడలేదు. నవంబరులో, చలికాలానికి మ్యూజియం మూసేసే ముందు, ఒక శనివారం త్వరగా వచ్చి, "పద విల్మా, ఎడ్ల పొలం చూపించు" అంది. చలిగాలి వీస్తోంది. చెట్లు దాటి, దుంగలతో కట్టిన చిన్న ఇంటి దగ్గరకి వెళ్ళాం. అక్కడ ఒక పడుచు పిల్ల, పేరు టెస్, రెండు తెల్లమచ్చల ఎడ్లని కాడికి కట్టి, కట్టెలు లాగిస్తోంది. తాడు లేదు, ముకుతాడు లేదు. పక్కన నడుస్తూ ఏదో అంటోంది, అవి వింటున్నాయి.

"ఏమంటున్నావమ్మా? నాకు వినబడ్డం లేదు!" అంది ఆర్డిస్.

టెస్ నవ్వి దగ్గరకి రమ్మంది. "వీటి దగ్గర గట్టిగా అనకూడదండీ, బెదురుతాయి. చెవి దగ్గర, ఊపిరితో చెప్పాలి. చేస్తారా?"

ఆర్డిస్ కళ్ళు పెద్దవయ్యాయి. చేతి తొడుగులు తీసి నాకిచ్చి, ఎద్దు మెడ మీద అరచెయ్యి వేసి, దాని చెవి దగ్గరకి వంగింది. ఏం చెప్పిందో నాకు వినబడలేదు. ఎద్దు చెవి ఒక్కసారి ఇటు తిప్పి, కాలు ముందుకి వేసింది. రెండోది కూడా వేసింది. కట్టెలు కదిలాయి. ఆర్డిస్ వాటి పక్కన నడుస్తూ నా వైపు తిరిగింది. నోరు తెరిచి, గుర్తొచ్చి, చెయ్యి అడ్డం పెట్టుకుంది. భుజాలు మాత్రం ఆనందంతో ఎగిరెగిరి పడుతున్నాయి.